కప్పు మీద మంచు, ఇంట్లో నీళ్లు

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనో, మిషిగన్, మిన్నెసోటా వైపో, కెనడాలో టొరంటో చుట్టుపక్కలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు తొలి చలికాలాల్లో ఎదురయ్యే చిక్కు ఒకటుంది. బయట వాన లేదు. ఇంట్లో పైపేదీ పగల్లేదు. ఉష్ణోగ్రత సున్నాకు పది డిగ్రీలు కింద ఉంది. అయినా మేడ మీద పడగ్గదిలో, సరిగ్గా బయటి గోడను ఆనుకుని, సీలింగ్ నుంచి నీళ్లు కారుతుంటాయి. కొందరి ఇళ్లలో కిటికీ చట్రం పైనుంచి కారతాయి. ప్లంబర్ వచ్చి చూసి ఇది తన పని కాదంటాడు. రూఫింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే మంచు కరిగాక వచ్చి చూస్తామంటారు.

ఆ నీళ్లు కప్పు మీద మంచు కరిగి వచ్చినవే. అంత చలిలో దాన్ని కరిగించింది ఎండ కాదు, ఇంట్లో నడుస్తున్న హీటర్. ఈ చిక్కును ఐస్ డ్యామ్ అంటారు. పేరులో ఐస్ ఉంది కనుక అందరి చూపూ చూరు దగ్గర పేరుకున్న గడ్డ మీదికే పోతుంది. సుత్తో గొడ్డలో పట్టుకుని దాని మీదికే వెళ్తారు. అసలు లోపం అక్కడ లేదు. అది సీలింగ్‌లో ఉంది.

అక్కడి ఇళ్లకు మన స్లాబు కప్పులుండవు. ఎక్కువగా రెండు వైపులా వాలిన చెక్క కప్పులే. వాసాల మీద ప్లైవుడ్ లాంటి పలకలు, వాటి మీద తారు పట్టించిన పలచని పొర, దాని మీద మేకులతో బిగించిన ఆస్ఫాల్ట్ షింగిల్స్. ఆ కప్పుకూ గది సీలింగ్‌కూ నడుమ మిగిలే చోటు ఆటిక్. చలికాలంలో గదులను 70 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుకుంటాం. ఆటిక్ మాత్రం బయట ఎంత చల్లగా ఉంటే దాదాపు అంత చల్లగానూ ఉండాలి. వెచ్చదనానికి చివరి హద్దు సీలింగూ, దాని మీద పరిచిన ఇన్సులేషనూ.

ఆ హద్దు దాటి వేడి పైకి పోతే ఆటిక్ వెచ్చబడుతుంది, దాంతో కప్పు పలకలూ వెచ్చబడతాయి. పలకల వేడి 32 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందంటే వాటిని అంటుకున్న మంచు అడుగు పొర కరగడం మొదలవుతుంది. పైనుంచి చూస్తే మంచు తెల్లగా, కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది. ఇందులో ఒక తమాషా ఉంది. అప్పుడే పడిన మంచులో ఎక్కువ భాగం గాలే కాబట్టి అది కూడా ఇన్సులేషన్ పనే చేస్తుంది. కప్పు మీద అడుగు మందాన మంచు ఉంటే, కింద నుంచి వచ్చిన కాస్త వేడి కూడా బయటి గాలిలో కలిసిపోకుండా అక్కడే నిలిచి కప్పును వెచ్చబరుస్తుంది. పలచగా పడిన మంచుతో రాని బాధ పెద్ద తుపాను తర్వాత రావడానికి కారణం ఇదే.

కరిగిన నీరు మంచు చాటున, చలి తగలకుండా, వాలు వెంట కిందికి పారుతుంది. చూరు దాకా వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. చూరు గోడ దాటి బయటికి చొచ్చుకుని ఉంటుంది. దాని కింద గది లేదు, కాబట్టి వెచ్చదనమూ లేదు. పైనా కిందా చలిగాలే. నీరు అక్కడ గడ్డకడుతుంది. వెనక వచ్చిన నీరు ఆ గడ్డ మీద ఇంకో పొరవుతుంది. ఇలా కొన్ని రోజులు సాగితే చూరు పొడవునా ఐస్ కట్ట లేస్తుంది, దాని నుంచి ఊడల్లాగా ఐస్ కిందికి వేలాడుతుంది. ఇక ఆపైన కరిగే నీటికి దారి ఉండదు. కట్ట వెనక మడుగు కడుతుంది.

మడుగు కడితే ఏమవుతుందో పెంకుటింట్లో పెరిగినవాళ్లకు సులువుగా తెలుస్తుంది. పెంకులు నీటిని ఆపవు, జార్చేస్తాయి. పై పెంకు అంచు కింది పెంకు మీదికి ఎక్కి ఉంటుంది కనుక కిందికి పారే నీటికి సందు దొరకదు. అదే నీరు కింద అడ్డుపడి వెనక్కి ఎక్కితే ప్రతి వరసలోనూ సందే. షింగిల్స్ పరచే పద్ధతీ ఇదే. నిలిచిన నీరు షింగిల్ అడుగుకు పాకి, మేకుల రంధ్రాల్లోంచీ పలకల అతుకుల్లోంచీ లోపలికి దిగి, ఇన్సులేషన్‌ను నానబెట్టి, చివరికి సీలింగ్ మీద గోధుమరంగు మరకై బయటపడుతుంది. గోడ లోపలికి దిగితే ఇంకా చెడ్డది, చాలాకాలం కంటికి కనిపించదు. ఒకటి రెండు రోజులు తడి ఆరకపోతే బూజు పట్టడం మొదలవుతుంది. తడిసి అణిగిపోయిన ఇన్సులేషన్ వేడిని ఆపలేదు కనుక ఆ చోట కప్పు మరింత వెచ్చబడి, ఇంకా మంచు కరుగుతుంది.

కాబట్టి ఐస్ డ్యామ్‌కు మూడు కలవాలి: కప్పు మీద నిలిచిన మంచు, బయట గడ్డకట్టించే చలి, కప్పు పైభాగం వెచ్చగానూ చూరు చల్లగానూ ఉండటం. మొదటి రెండూ ఆకాశం చేతిలో ఉన్నాయి. మన చేతిలో ఉన్నది మూడోదొక్కటే. ఎండ తగిలే వైపు చూరుకు అక్కడక్కడా నాలుగు సన్నని ఐస్ ఊడలు వేలాడితే కంగారుపడనక్కర్లేదు, ఎండకు కొంత కరగడం మామూలే. ఎండ రాని వైపున కూడా లావాటి ఊడలు వరసగా దిగితే ఇంటి వేడి పైకి పోతోందని అర్థం. తప్పు చూరు వెంట నీరు పట్టే గట్టర్లదని కొందరు నమ్ముతారు. గట్టర్లో ఆకులు నిండి నీరు నిలిస్తే అక్కడ ఐస్ పేరుకునే మాట నిజమే, ఆ బరువుకు గట్టర్ వంగి ఊడే మాటా నిజమే. కానీ గట్టర్లే లేని ఇళ్లకూ కట్ట కడుతుంది.

ఈ మూడూ గట్టిగా కలిస్తే ఎలా ఉంటుందో 2015లో బోస్టన్ చూసింది. ఆ ఒక్క ఫిబ్రవరిలోనే అక్కడ 64.8 అంగుళాల మంచు పడింది. ఆ చలికాలం మొత్తానికి 110.6 అంగుళాలు, ఆ నగరంలో అంతకుముందెన్నడూ నమోదు కానంత. పడిన మంచు కరిగిపోయే వెచ్చని రోజులు మధ్యలో రాకపోవడంతో కప్పుల మీద పొర మీద పొర పేరుకుపోయింది, వారాల తరబడి ఇళ్లలో నీళ్లు కారాయి. అలాంటి చలికాలంలోనూ ఒకే వీధిలో ఒక ఇల్లు కారి, పక్క ఇల్లు పొడిగా ఉండొచ్చు. రెంటి మీదా పడింది ఒకే మంచు కదా. తేడా ఆటిక్‌లో ఉంటుంది. మంచు పడిన మర్నాడు వీధిలోకొచ్చి కప్పులు చూస్తే సంగతి తెలిసిపోతుంది. అన్ని ఇళ్ల కప్పులూ తెల్లగా ఉండి, ఒక ఇంటి కప్పు మాత్రం నడిమి భాగంలో నల్లగా తేలితే, ఆ ఇంటివాళ్లు ఆకాశాన్ని వేడి చేయడానికి గ్యాస్ బిల్లు కడుతున్నారన్నమాట.

వేడి పైకి ఎలా పోతుందన్నదే ఇందులో చాలామంది పొరబడే చోటు. ఇన్సులేషన్ చాలక పోతుందనుకుని ఇంకో పొర వేయించుకుని చేతులు దులుపుకుంటారు. నిజానికి ఎక్కువ చేటు చేసేది గాలి. వెచ్చని గాలి తేలిక కనుక ఇంట్లో పైకి ఎక్కి, పై అంతస్తు సీలింగ్‌లో ఏ సందు దొరికితే దానిగుండా ఆటిక్‌లోకి వెళ్తుంది. పోయిన గాలికి బదులు బేస్‌మెంట్ సందుల్లోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ఈ పీల్పు చలికాలమంతా రాత్రింబవళ్లు సాగుతూనే ఉంటుంది. మామూలు ఫైబర్‌గ్లాస్ ఇన్సులేషన్ గాలిని ఆపలేదు, వడగడుతుంది అంతే. అందుకే ఆటిక్‌లో ఇన్సులేషన్ ఎత్తి చూస్తే కొన్నిచోట్ల గులాబీ రంగో తెల్ల రంగో పోయి మసిబారి ఉంటుంది. ఆ మరకలు ఇంటి గాలి వెంట తెచ్చిన దుమ్మువి. వాటి కింద వెతికితే రంధ్రం దొరుకుతుంది.

ఆ రంధ్రాలు ఎక్కడెక్కడుంటాయంటే: ఆటిక్‌లోకి ఎక్కే మూత చుట్టూ, మడత నిచ్చెన ఉన్న ఇంట్లో దాని చట్రం చుట్టూ, బాత్‌రూమ్ ఫ్యాన్ పెట్టె చుట్టూ, ప్లంబింగ్ గొట్టం కప్పులోకి వెళ్లే చోట, కరెంటు తీగల కోసం గోడల పైకమ్మీల్లో చేసిన తూట్లలో, చిమ్నీకీ చెక్కకూ మధ్య వదిలిన ఖాళీలో. వీటన్నిటికీ తోడు సీలింగ్‌లోకి దిగేసిన పాట్ లైట్లు. మనవాళ్లకు ఈ లైట్లంటే మహా ప్రీతి. ఇల్లు తీసుకోగానే గదికి ఆరో ఎనిమిదో పెట్టిస్తారు. కింది అంతస్తులో పెట్టిస్తే పెద్ద నష్టం లేదు. ఆటిక్ కిందున్న సీలింగ్‌లో పాతరకం లైట్లు పెడితే మాత్రం ఒక్కోటీ పైకి తెరిచిన పొగగొట్టం. గాలి చొరబడనివి, ఇన్సులేషన్ తగిలినా ఫరవాలేదని ముద్ర ఉన్నవి దొరుకుతాయి, అవే అడిగి పెట్టించుకోవాలి. ఆ ముద్ర లేని పాత లైట్ల మీద ఇన్సులేషన్ కప్పేస్తే వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

గాలి వెంట తేమ కూడా పైకి వెళ్తుంది. స్నానాల ఆవిరి, పొద్దుటి నుంచి పొయ్యి మీద మరిగే పప్పూ చారూ, కుక్కర్ కూతలు, ఇవన్నీ ఇంటి గాలిలో తేమే. అది ఆటిక్‌లోని చల్లని పలకలకు తగిలి, లోపలికి పొడుచుకొచ్చిన మేకు మొనల మీద తెల్లగా మంచు పడుతుంది. ఒకరోజు కాస్త వెచ్చబడగానే అదంతా కరిగి చుక్కలుగా రాలుతుంది. దాన్ని చూసి ఐస్ డ్యామ్ అనుకునేవారున్నారు. జబ్బు వేరు, కారణం మాత్రం ఒకటే. బాత్‌రూమ్ ఫ్యాన్ గొట్టం ఆటిక్‌లోనే వదిలేశారా, కప్పు దాటించారా అన్నది చూడాల్సిన మొదటి విషయం. వంటింటి హుడ్ గాలిని బయటికి పంపుతోందా, వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతోందా అన్నది రెండోది.

పని వరస ఇలా ఉండాలి. ముందు సందులు మూయాలి, తర్వాతే ఇన్సులేషన్ పెంచాలి. ఉన్న ఇన్సులేషన్ తప్పించి, చిన్న సందులకు కాక్ (సందులు పూడ్చే మెత్తని ముద్ద), పెద్దవాటికి స్ప్రే ఫోమ్ పట్టిస్తారు. చిమ్నీ చుట్టూ మాత్రం ఫోమ్ వాడకూడదు, అది కాలుతుంది. రేకు కత్తిరించి మేకులు కొట్టి, నిప్పుకు తట్టుకునే కాక్‌తో అతికించాలి. ఇది అయ్యాకే మందం సంగతి. అమెరికాలో ఇన్సులేషన్ బలాన్ని ఆర్ విలువ అనే అంకెతో చెబుతారు, ఎంత పెద్దదైతే అంత మేలు. 2021 నాటి అంతర్జాతీయ నివాస కోడ్ చలి ప్రాంతాల్లో కొత్త ఇళ్ల ఆటిక్‌కు ఆర్-60 అడుగుతోంది. పాత ఇళ్లలో అందులో మూడో వంతు కూడా ఉండకపోవచ్చు. ముక్కలు చేసిన కాగితంతో తయారయ్యే సెల్యులోజ్ అంగుళానికి ఆర్-3.5 దాకా ఇస్తుంది. అంటే ఆర్-60 కావాలంటే సుమారు 17 అంగుళాలు. మెషీన్‌తో ఊదించి పోయిస్తారు, సాధారణంగా ఒక్క రోజు పని.

ఆటిక్ పనిలో కష్టమైన చోటు చూరు దగ్గరే. కప్పు వాలుగా దిగి అక్కడ గోడను కలుస్తుంది కాబట్టి ఇన్సులేషన్‌కు కొన్ని అంగుళాల చోటే మిగులుతుంది, డ్యామ్ కట్టేది కూడా సరిగ్గా దాని అవతలే. చూరు కింద గాలి వచ్చే రంధ్రాలుంటాయి, వాటిని ఇన్సులేషన్‌తో మూసేయకూడదు. అందుకని వాసాల మధ్య సన్నని అట్టల్లాంటి బాఫిల్స్ బిగించి, వాటి పైన గాలికి దారి వదిలి, కింద ఇన్సులేషన్ నింపుతారు. చల్లగాలి చూరు దగ్గర దూరి, కప్పు కొప్పున ఉన్న వెంట్ నుంచి బయటికి పోతూ పలకలను చల్లగా ఉంచుతుంది. ఆటిక్ నేల ప్రతి 300 చదరపు అడుగులకు ఒక చదరపు అడుగు గాలిదారి ఉండాలని, అది పైనా కిందా రమారమి సమంగా ఉండాలని స్థూలమైన లెక్క.

రూఫింగ్ వాళ్లలో కొందరు గాలిదారి ఒక్కటే మందంటారు. వెంట్లు పెట్టడం వాళ్లకు వచ్చిన పని, సీలింగ్‌లో సందులు మూయడం వాళ్ల పని కాదు, అంతకుమించి అందులో రహస్యం లేదు. సందులు మూయకుండా ఆటిక్‌లో కరెంటు ఫ్యాన్ బిగిస్తే అది ఇంట్లోని వెచ్చని గాలిని ఇంకా గట్టిగా పైకి లాగుతుంది. డబ్బులిచ్చి జబ్బు పెంచుకోవడమే.

ఆటిక్‌లో అడుగుపెట్టే ముందు ఒక జాగ్రత్త. పాత ఇంట్లో నేల మీద బూడిద, బంగారు రంగుల్లో మెరిసే గులకల్లాంటి ఇన్సులేషన్ కనిపిస్తే తాకకండి. అది వర్మిక్యులైట్. మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ గని నుంచి 1990 దాకా వచ్చిన సరుకులో ఆస్‌బెస్టాస్ కలిసి ఉండేది. మీ ఇంట్లోదానిలో అది ఉందో లేదో తేలేవరకు అక్కడ పని చేయించకూడదు. ఇంకోటి, ఇంటి సందులు బిగించాక గ్యాస్ వాటర్ హీటర్ పొగ సరిగా బయటికి పోతోందో లేదో పరీక్ష చేయించాలి. మంచి ఎనర్జీ ఆడిటర్ ఇది తనంతట తానే చేస్తాడు. ముందు తలుపుకు పెద్ద ఫ్యాన్ బిగించి ఇంటి గాలిని బయటికి లాగి, ఏ సందులోంచి చల్లగాలి దూసుకొస్తోందో ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో చూపిస్తాడు. మసాచుసెట్స్‌లో మాస్ సేవ్ పథకం కింద ఇంటి ఎనర్జీ తనిఖీ ఉచితం. మిగతా చోట్ల మీ కరెంటు, గ్యాస్ కంపెనీలను అడిగి చూడండి.

ఆటిక్ లేకుండా గది సీలింగే కప్పు వెంట వాలిపోయే ఇళ్లు, మేడగదులు కప్పులోకి చొచ్చుకున్న కేప్ కాడ్ ఇళ్లు, ఇవి మొండివి. అక్కడ వాసాల మధ్య స్ప్రే ఫోమ్ పట్టించడమో, షింగిల్స్ మార్చే రోజున పలకల మీద గట్టి ఫోమ్ బోర్డులు వేయించడమో తప్ప తేలిక దారి లేదు. కశ్మీరులో ఇళ్లకు ఏటవాలు రేకుల కప్పులు వేసేది మంచు జారిపోవాలనే. అమెరికాలోనూ లోహపు కప్పు వేయించేవారున్నారు. అది మంచు నిలవకుండా చూస్తుందే గాని వేడి పోకుండా ఆపదు. పైగా జారిన మంచు గుమ్మం ముందు కూలకుండా చూసుకోవాలి.

ఇదంతా ఆకురాలు కాలంలో చేసే పని. జనవరి రాత్రి సీలింగ్ కారుతుంటే చేయాల్సింది వేరు. సీలింగ్ ఉబ్బి బొడిపెలా వేలాడుతుంటే కింద బకెట్ పెట్టి స్క్రూడ్రైవర్‌తో చిన్న రంధ్రం చేయండి. నీరు ఒకచోట నుంచి దిగిపోతుంది, లేకపోతే ఆ బరువుకు పలక మొత్తం కూలుతుంది. లైటు దగ్గర నీరు కారుతుంటే ముందు ఆ గది బ్రేకర్ ఆపండి. ఆటిక్‌లోకి క్షేమంగా వెళ్లగలిగితే, నీరు వస్తున్న చోటికి ఎదురుగా టేబుల్ ఫ్యానో బాక్స్ ఫ్యానో పెట్టి ఆటిక్‌లోని చల్లగాలి తగిలేలా చేయండి. కారే నీరు అక్కడే గడ్డకట్టి ధార ఆగిపోవచ్చు. మిన్నెసోటా లాంటి చోట్ల ఇది పాత చిట్కాయే.

బయట చేయదగినది రూఫ్ రేక్‌తో మంచు దింపడం. సుమారు 20 అడుగుల దాకా సాగే కర్రకు అడ్డపలక బిగించి ఉంటుంది, హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. నేల మీదే నిలబడి చూరు నుంచి మూడు నాలుగు అడుగుల పైదాకా మంచు లాగేయాలి. షింగిల్స్‌ను గీరకుండా అడుగున అంగుళం మంచు వదిలేయండి. అల్యూమినియం కర్ర కరెంటు తీగలకు తగిలితే ప్రాణం పోతుంది, ముందు పైకి చూసుకోండి. ఊడల కింద నిలబడకండి. లాగిన మంచు ఇంటి పక్కన ఫర్నేస్ తెల్ల గొట్టాల ముందు పోగుపడిందా చూసి తీసేయండి. ఆ గొట్టం మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రావచ్చు. నీళ్ల మరకకంటే అది ఎన్నో రెట్లు ప్రమాదం. కప్పు ఎక్కే ఆలోచన అసలు చేయకండి, నిచ్చెన వేసి ఊడలు కొట్టే ఆలోచన కూడా.

కట్ట అప్పటికే గట్టిపడి ఉంటే పాత మేజోడులో కాల్షియం క్లోరైడ్ గుళికలు నింపి, కట్టకు అడ్డంగా, ఒక కొస చూరు దాటేలా పెడతారు. అది కరిగించుకుంటూ ఒక కాలువ తవ్వుతుంది, ఆ కాలువలోంచి వెనక మడుగు ఖాళీ అవుతుంది. నేల మీద నుంచే విసిరి లాగి పెట్టగలిగితేనే ఈ పని. రోడ్ల మీద చల్లే రాళ్ల ఉప్పు వాడకండి, అది గట్టర్ లోహాన్ని తింటుంది, కింది మొక్కల్ని చంపుతుంది, తీవ్రమైన చలిలో పనికూడా చేయదు. గొడ్డలి, బ్లోటార్చ్, వేడినీళ్ల ప్రెషర్ వాషర్ మూడూ కప్పుకు శత్రువులే. నీరు ధారగా లోపలికి వస్తుంటే తక్కువ ఒత్తిడి ఆవిరితో కోసి తీసేవాళ్లను పిలవడమే దారి. ఖర్చు ఎక్కువే. పెద్ద తుపాను తర్వాత దొరకడం కూడా కష్టం.

చూరు మీద వంకర్లుగా వేసే కరెంటు హీటింగ్ కేబుళ్లను చాలామంది పెట్టించుకుంటారు. కట్టలో దారి చేస్తాయి, నిజమే. పోతున్న వేడి మీద మరింత వేడి కొనడం అది. ఏమీ చేయలేని ఒక మూలకు పనికొస్తుంది, ఇంటి మొత్తానికి కాదు. షింగిల్స్ మార్చేటప్పుడు మాత్రం చూరు పొడవునా జిగురుండే వాటర్‌ప్రూఫ్ పొర వేయించండి. ఐస్ డ్యామ్‌లు కట్టే ప్రాంతాల్లో అది బయటి గోడ లోపలి అంచు దాటి కనీసం 24 అంగుళాలు పైదాకా ఉండాలని కోడ్ చెబుతోంది. అది కట్టను ఆపదు, మడుగు కట్టినా నీరు పలకల్లోకి దిగనివ్వదు.

బీమా సంగతి. మామూలు హోమ్ ఓనర్స్ పాలసీల్లో చాలావరకు ఐస్ డ్యామ్ వల్ల లోపల చెడిన సీలింగూ గోడలూ బాగు చేయించడానికి డిడక్టిబుల్ పోను డబ్బిస్తాయి. కట్టను తొలగించే ఖర్చు మాత్రం సాధారణంగా ఇవ్వవు. ఏటా కారుతున్నా పట్టించుకోలేదని తేలితే అసలుకే మొండిచేయి చూపవచ్చు. తుడిచేముందే ఫోటోలు తీసి పెట్టుకోండి. టౌన్‌హోమ్ అయితే కప్పు బాధ్యత ఇళ్ల యజమానుల సంఘానిదా (హెచ్‌ఓఏ) మీదా అన్నది కాగితాల్లో చూసి, ఫిర్యాదు రాతపూర్వకంగా పంపండి.

ఇంకా ఇల్లు వెతుకుతున్నవాళ్లకు ఒక మాట. మనవాళ్లు పిల్లల స్కూలు సెలవుల్లో, ఎండాకాలంలో ఇళ్లు కొంటారు. అప్పుడు కప్పు మీద మంచూ ఉండదు, అమ్మేవాళ్లు దాని ఊసూ ఎత్తరు. ఇన్‌స్పెక్షన్ రోజున ఇన్‌స్పెక్టర్‌తోపాటు ఆటిక్ మూత దాకా ఎక్కి లైటు వేసి చూడండి. వంగిన గట్టర్, చూరు కింద పలకల మీద నీటి చారలు, బయటి గోడ పక్కన సీలింగ్‌కు మాత్రమే కొత్తగా వేసిన రంగు, తుప్పు పట్టిన మేకు మొనలు, మసిబారిన ఇన్సులేషన్, ఇందులో రెండు కనిపించినా ఆటిక్‌లో సందులు మూయడానికి, ఇన్సులేషన్‌కు ఖర్చు ఎంతవుతుందో ముందే కొటేషన్ తీసుకుని ఇంటి ధరలో తగ్గించమని అడగండి.